యుద్ధదేశపు బాలురకు మన బాలుర జాబులు



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలోని బడులందు చదువుకొను పిల్లలు, యుద్ధముచే పాడైన పరదేశమునందలి తమ యీడు పిల్లలతో స్నేహము చేయుట సాధ్యమా, సాధ్యమైనచో నెట్లు చేయవలెను అను విషయమును గూర్చి నేడు కొంత ముచ్చటింపదలచితిని. ముప్పది యేండ్లకు పైగా ఈ ప్రాంతపు పాఠశాలలలో తెలుగు చెప్పినవాడను గనుక, జాబు వ్రాయు పద్ధతిని గూర్చి మాటాడుటకు నాకు కొంత అధికారము కలదనుకొందును. రాజకీయముల జోలికి పోను.

ఈ మూడూళ్లకును యుద్ధము పరాయిది కాదు. 1946 మొదలు 1951 వరకు నల్లగొండ జిల్లాలో సాగిన సాయుధపోరాటమును మన పెద్దలు కన్నులార చూచిరి. 1948 సెప్టెంబరు 13వ తేదీన బెజవాడ దిక్కునుండి వచ్చిన భారతసైన్యము కోదాడను పట్టుకొనెను. పిదప రెండునాళ్లలో సూర్యాపేట చేరెను. వెనుకకు మరలిన నిజాము సైనికులు మూసీ మీది వంతెనను కూల్చిరి. ఆ దినములలో ఇల్లు కదలలేక కూర్చున్న పిల్లవానికి దూరదేశమునుండి ఒక జాబు వచ్చియుండినచో నెట్లుండెడిదో యని నేను పలుమారులు తలపోసితిని.

ఆ మరుసటి సంవత్సరముననే అట్టి జాబులు మన దేశమునకు వచ్చినవి. వ్రాసినవారు జపాను బాలురు. ఆ కథ కొంచెము వివరముగా చెప్పదగినది.

టోక్యో నగరమున ఉయెనో యను జంతుశాల కలదు. యుద్ధకాలమున, 1943లో, అధికారులు అచ్చటి క్రూరమృగములతోబాటు మూడేనుగులను గూడ చంపుడని యాజ్ఞాపించిరి. జాన్, టోంకీ, వాన్లీ అని వాటి పేర్లు. విషము కలిపిన దుంపలను అవి ముట్టలేదట. కడకు తిండి పెట్టక చంపిరి. 1945లో యుద్ధము ముగిసినది, నగరము బూడిదయైనది, ఏనుగును చూడని పిల్లలు పెరుగుచుండిరి. నగోయా నగరపు జంతుశాలలో మాత్రము రెండేనుగులు మిగిలియుండెను. టోక్యో బాలురు తమలో తాము సభ కూర్చుకొని, వాటిలో నొకదాని నెరువిండని కోరిరి. ఆ రెంటిని విడదీయుట కుదరదని అచ్చటివారు చెప్పిరి. అప్పుడు పిల్లలను ప్రత్యేకపు రైళ్లలో నగోయాకే తీసికొనిపోయి చూపించిరి. అంతటితో తృప్తిచెందక, టోక్యో బాలురు ఏనుగు కావలెనని వందలకొలది జాబులు వ్రాసి, ఒక భారతీయ వర్తకుని ద్వారా నెహ్రూ గారికి పంపిరి.

నెహ్రూ గారు మైసూరు ప్రాంతపు పదునైదేండ్ల ఆడయేనుగునకు తన కూతురి పేరు పెట్టి పంపిరి. అదియే ఇందిర. 1949 సెప్టెంబరులో టోక్యో చేరినది. ఇది తన కానుక కాదనియు, భారతదేశపు బాలురు జపాను బాలుర కిచ్చుచున్నదనియు ఆయన వ్రాసిరి. దానికి కన్నడపు మాటలే తెలియును గనుక జపాను మావటులు ఆ మాటలను నేర్చుకొనవలసివచ్చెను. 1983 వరకు ఆ యేనుగు ఉయెనోలో నుండెను.

ఇందు గమనింపదగినది యేమి? ఆ పిల్లలు తమ దుఃఖమును వర్ణించి కనికరము నడుగలేదు. ఏనుగు నడిగిరి. అడుగుట స్నేహమునకు మొదటి మెట్టని నా మతము. మన పిల్లలకు తెలియనిది ఇదియే. ఒకమారు మిర్యాలగూడలో తొమ్మిదవ తరగతి వారిని, యుద్ధము జరుగుచున్న దేశపు బాలునికి జాబు వ్రాయుడంటిని. ఎక్కువమంది "మీ కష్టములు విని మా హృదయము కరిగినది" అని మొదలిడిరి. వ్యాకరణదోషము లేదు, కాని దానికి ఆ పిల్లవాడు ఏమని బదులు వ్రాయును? ఒక బాలిక మాత్రము "మాకు ఎండకాలము ఒంటిపూట బడి. మీకు మంచు పడినప్పుడు బడి యుండునా? మా నాయన బియ్యపు మిల్లులో హమాలి. మీరు అన్నము తిందురా?" అని వ్రాసెను. అక్షరదోషములు ఆరు. తరగతిలో నన్నిటికంటె మంచి జాబు అదియే.

వ్రాయుటకు మనకు వస్తువు కొరతయా? సాగరు ఎడమకాలువకు నీరు వదలిన నాటి సందడి, దురాజుపల్లి పెద్దగట్టు జాతర, బెజవాడ దారిలో రాత్రంతయు పోవు లారీలు. ఇవి చాలవా?

పద్ధతి క్రొత్తది కాదు. మొదటి ప్రపంచయుద్ధము పిదప జూనియర్ రెడ్‌క్రాసు వారు బడికిని బడికిని నడుమ చిత్రములతో, జాబులతో కూడిన ఆల్బములను పంపించిరి. 2010లో ఢిల్లీకి చెందిన రూట్స్ టు రూట్స్ అను సంస్థయు, పాకిస్తానులోని సిటిజన్స్ ఆర్కైవ్ అను సంస్థయు కలసి రెండు దేశముల విద్యార్థుల నడుమ జాబులు నడిపించినవి. అయితే ప్రభుత్వములకు కోపము వచ్చిన ముందుగా ఆగునది తపాలే. 2019లో పాకిస్తాను కొన్నాళ్లు ఆపెను. 2025 మేలో మన దేశము ఆపెను. కావున ఒక్క మార్గమును నమ్ముకొనరాదు. ఇప్పుడు తెర మీద ముఖాముఖి మాటాడవచ్చును. కాని కరెంటు లేని ఊరి పిల్లవానికి కాగితమే మేలు, మరల మరల చదువుకొనును.

2022 ఫిబ్రవరి 24న యుక్రెయినుపై రష్యా దండెత్తినప్పుడు, అచ్చట వైద్యవిద్య చదువుచున్న తెలుగు విద్యార్థులు అనేకులు ఆపరేషన్ గంగ విమానములలో ఇల్లు చేరిరి. అట్టివారు మీ వీధిలో నున్నచో వారిని బడికి పిలువుడు. అచ్చటి బడి నెరిగిన గురువు నొకరిని వారు చూపగలరు. జాబులు గురువునుండి గురువునకే పోవలెను. పిల్లవాని ఇంటి విలాసము గాని, ఛాయాచిత్రము గాని పంపరాదు. జాబు తెలుగులోనే వ్రాయించి, క్రింద ఇంగ్లీషు చేర్పుడు. ఆ పిల్లవాడు మన యక్షరముల గుండ్రదనమును చూచి నవ్వుకొననిండు. "మీ యింట నెవరు చనిపోయిరి?" అని మాత్రము అడుగనీయకుడు. అది అతడు తనంతట చెప్పినప్పుడే.

ఇక కష్టమైన మాట యొకటి. జాబు పోవును, బదులు రాదు. నెల గడచును, ఆరు నెలలు గడచును. పిల్లవాడు ప్రతి సోమవారము వచ్చి, "సార్, వచ్చిందా?" అని యడుగును. "తపాలు ఆలస్యమైనది" అని బొంకరాదు. బడి మూతపడియుండవచ్చును, వారు వేరొక ఊరికి పోయియుండవచ్చును, మనకు తెలియదు అని ఉన్నమాట చెప్పవలెను. రెండవ జాబు వ్రాయుదువా అని అడుగవలెను. వ్రాసెదనన్నచో కాగిత మీయవలెను.