మీకు తెలుసా? పీతలో రాగి ఉంటుంది

మనిషి రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది ఇనుము. పీత ఒంట్లో ఆ పని రాగి చేస్తుంది. అందుకే దాని రక్తానికి గాలి తగిలితే నీలి రంగు వస్తుంది. పీత మాంసంలో రాగి బాగానే దొరుకుతుంది మరి!

ఉడికించిన 100 గ్రాముల పీత మాంసంలో సుమారు 18 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. కొవ్వు నామమాత్రం, కేలరీలు వందకు అటూఇటూ. పెద్దవాళ్లకు రోజుకు సరిపడే బి12 విటమిన్ అందులోనే వచ్చేస్తుంది. జింక్, సెలీనియం అదనం. సోడియం మాత్రం ఎక్కువే కాబట్టి, బీపీ ఉన్నవాళ్లు పులుసులో ఉప్పు తగ్గించుకోవడం మంచిది.

కోరింగ మడ అడవుల్లో పెరిగే మండపీతను కొనేటప్పుడు సైజు చూసి మోసపోకూడదు. కొత్తగా డొల్ల విడిచిన పీత పెద్దగా కనిపించినా లోపల నీరే ఎక్కువ. పొట్ట వైపు వేలితో నొక్కితే లొంగిపోతుంది. గట్టిగా, బరువుగా ఉన్నదాంట్లోనే కండ ఉంటుంది.

రొయ్యలు పడనివాళ్లకు పీతలూ పడకపోవచ్చు. అలర్జీ తెచ్చే ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్ రెండింట్లోనూ ఉంటుంది, ఎంత ఉడికించినా పోదు.

ఇక సూపర్‌మార్కెట్లో దొరికే క్రాబ్ స్టిక్స్ అంటారా? వాటిలో చాలావరకు ఉండేది రుబ్బిన చేప మాంసమే.