ఎం.బి.ఎ. సీటుకు ముందు నాలుగు ప్రశ్నలు

కంకిపాడు: విత్తనం కొనేటప్పుడు మొలకశాతం అడిగే రైతు, బిడ్డను ఎం.బి.ఎ.లో చేర్చేటప్పుడు మాత్రం గోడమీది ప్రకటనను నమ్మడం తగదు. పొలం తాకట్టు పెట్టేముందు నాలుగు సంగతులు విచారించాలి.

మొదటిది, పట్టా ఎవరిస్తారు? ఎం.బి.ఎ. యూనివర్సిటీ ఇచ్చే డిగ్రీ. స్వతంత్ర సంస్థలిచ్చే పి.జి.డి.ఎం.కు అఖిల భారత సాంకేతిక విద్యామండలి అనుమతి ఉన్నదీ లేనిదీ చూడాలి. డిప్లమా అన్నంతమాత్రాన చులకన కాదు. 1961లో నెలకొన్న అహమ్మదాబాదు, కలకత్తా ఐ.ఐ.ఎం.లు సైతం 2017 చట్టం వచ్చేవరకు ఇచ్చినది డిప్లమాయే.

రెండవది, ఉద్యోగాల లెక్క. పదిమందిలో తొమ్మండుగురికి ఏడాదికి 3 లక్షలు, ఒక్కరికి 33 లక్షలు జీతం వస్తే సగటు 6 లక్షలవుతుంది. నిజానికి ఆ 6 లక్షలు ఎవరికీ రాలేదు! అందుచేత జీతాలను వరుసగా పేరిస్తే మధ్యన నిలిచేది ఎంతో అడగాలి. ఉద్యోగం రానివారు ఎందరో కూడా అడగాలి.

మూడవది, ఏ కోర్సు? వ్యవసాయ డిగ్రీ చదివినవారికి హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కేంద్రప్రభుత్వ సంస్థ ‘మేనేజ్’ 1996 నుంచి వ్యవసాయ వ్యాపార నిర్వహణలో రెండేళ్ల కోర్సు నడుపుతోంది. దానికి క్యాట్ పరీక్ష రాయాలి. రాష్ట్రంలోని ఎం.బి.ఎ. కాలేజీలకు ఐసెట్ ఉంది.

నాలుగవది, మొత్తం ఖర్చు. ఫీజుకు హాస్టలు, పుస్తకాలు, అప్పు మీద వడ్డీ కలిపి చూసుకోవాలి.

డబ్బు కట్టేముందు ఒకరోజు కాలేజీకి వెళ్లి, నిరుడు చదువు ముగించినవారిని కలిసి మాట్లాడడం మంచిది. బస్సు ఛార్జీ పోతే మళ్లీ సంపాదించవచ్చు. అమ్ముకున్న ఎకరం తిరిగి రాదు.