మాట బొత్తాములు – మూగజీవులు

మన పిల్లలు ఫోను తెరలపై చూచి ముచ్చటపడుచున్న వింతలలో మాట బొత్తాములు ఒకటి. నేలపై పఱచిన పలకమీద రంగురంగుల బొత్తాములు వరుసగా నుండును. పెంపుడు కుక్క యొకటి వచ్చి వానిలో నొకదానిని ముంగాలితో నొక్కును. వెంటనే దానినుండి "బయటికి" అను మాట యజమాని కంఠముననే వినబడును. కుక్క తల యెత్తి యజమాని ముఖమువంక చూచును. ఆయన లేచి తలుపు తీయును. ఇది చూచిన పిల్లలు, మన యింటి కుక్కకును పిల్లికిని గూడ మాటలు నేర్పుదమని తల్లిదండ్రులను వేధించుట సహజమే. పెద్దలలో కొందఱు ఇది వట్టి గారడి యని త్రోసివేయుచున్నారు. మఱికొందఱు కుక్క నిజముగా మాటాడుచున్నదని నమ్ముచున్నారు. ఈ రెండభిప్రాయముల నడుమ సత్య మెంతవఱకు కలదో, దానినుండి మనవంటి కుటుంబములు గ్రహింపదగిన దేమో ఈ వ్యాసమున వివరింప తలపెట్టితిమి.

ముందుగా ఆ పరికర మెట్టిదో తెలిసికొందము. అది అరచేతిలో నిముడు చిన్న డబ్బీ. లోపల మైకు, స్పీకరు, మాటను నిలువయుంచు చిప్పు, బ్యాటరీ యుండును. మీట నొక్కిపట్టి ఒక మాట పలికినచో అది యందు నిలిచిపోవును. తరువాత ఎవరు నొక్కినను అదే మాట అదే గొంతుతో వినబడును. అక్కఱలేనపుడు దానిని చెరిపి క్రొత్త మాట పట్టవచ్చును. ఇట్టి సాధనములు మొదట జంతువులకై పుట్టినవి కావు. నోట మాట రాని పిల్లలకును, వ్యాధిచే మాట పోయిన పెద్దలకును బొమ్మల పలకలు, పలుకు పరికరములు ఇచ్చి, వారి యవసరములను వారే తెలుపుకొనునట్లు చేయు చికిత్సావిధానము చాల కాలముగా నున్నది. మాట బొత్తాము ఆ వంశమున పుట్టినదే.

అమెరికాలోని శాన్ డియాగో నగరమున క్రిస్టినా హంగర్ అను యువతి అట్టి పిల్లలకు మాటలు నేర్పు వృత్తియందుండెను. 2018లో ఆమె యింటికి స్టెల్లా అను కుక్కపిల్ల వచ్చెను. మాటలు రాకముందు పసిపిల్లలు చూపుతోను, చేష్టలతోను, మూలుగులతోను తమ కోరికను తెలుపుదురు. కుక్కపిల్లయు అట్లే చేయుచుండుట ఆమె గమనించెను. బిడ్డలకు వాడు పద్ధతినే దీనికిని వాడి చూతమని, "బయటికి" అను అర్థమిచ్చు ఆంగ్లపదముతో తొలి బొత్తామును అమర్చెను. బయటికి పోవునపుడెల్ల ఆ మాట పలుకుచు బొత్తామును తానే నొక్కుచుండెను. కొన్ని వారములు గడచిన పిమ్మట స్టెల్లా స్వయముగా నొక్కసాగెను. 2019 చివరకు అది సుమారు 30 మాటల బొత్తాములను వాడుచున్నట్లు పత్రికలలో వచ్చెను. 2021లో హంగర్ తన యనుభవమును గ్రంథరూపమున ప్రకటించెను. అటుపిమ్మట అనేక దేశములలో వేలకొలది యిండ్ల ఈ ప్రయత్నము సాగుచున్నది.

ఈ యాలోచన అంత క్రొత్తదియు కాదు. 1880 దశకముననే ఇంగ్లండులో జాన్ లబ్బక్ అను విద్వాంసుడు వాన్ అను తన నల్లని పూడిల్ కుక్కతో ఇట్టి పరీక్షలు చేసెను. అట్టముక్కలపై ఆహారము, ఎముక, నీరు, తేనీరు, బయటికి అను అర్థమిచ్చు మాటలను పెద్ద అక్షరములతో వ్రాయించి, వ్రాత లేని అట్టలను గూడ వానితో కలిపి యుంచెను. కుక్క వట్టి అట్టలను విడిచి వ్రాత గల అట్టను నోట కఱచి తెచ్చుట నేర్చుకొనెను. అడుగుటకు తగిన సాధన మిచ్చినచో కుక్క అడుగునని ఆయన గ్రహించెను. ఆనాడు అట్టముక్క, నేడు బొత్తాము.

అయినను ఇచ్చట నొక హెచ్చరిక అవసరము. గంగిరెద్దులవాడు "అయ్యగారికి దండము పెట్టవా?" యని యడుగగానే ఎద్దు తల యూపుట మన మెఱిగినదే. తమిళనాట పూంపూం మాటుకారులని పిలువబడువారిలో ఇంట తెలుగు మాటాడు కుటుంబములు కలవు గనుక అచ్చటి మన పిల్లలకును ఈ దృశ్యము క్రొత్త కాదు. ఎద్దు ఆ ప్రశ్నలోని అర్థమును గ్రహించి యుత్తర మిచ్చుచున్నదని మన మనుకొనము. త్రాటి కదలికయో, డోలు మ్రోతయో, యజమాని కంఠస్వరమో దానికి ఆనవాలు. ఇంతకంటె సూక్ష్మమైన ఆనవాళ్లును గలవు. 1904 ప్రాంతమున బెర్లిన్ నగరమున హాన్స్ అను గుఱ్ఱము లెక్కలకు జవాబు చెప్పుచున్నదని ప్రసిద్ధి కెక్కెను. కూడిక చెప్పుమనిన సరియైన సంఖ్య వచ్చువఱకు డెక్కతో నేలను తట్టి ఆగుచుండెను. పండితుల సంఘము చూచి యందు మోస మేమియు లేదనెను. 1907లో ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అను శాస్త్రజ్ఞుడు తన పరిశీలనల ఫలితమును ప్రకటించెను. ప్రశ్న వేయువానికి జవాబు తెలియనపుడు గుఱ్ఱమునకును తెలియలేదు! సరియైన సంఖ్య రాగానే అడిగినవాని తల తనకు తెలియకుండగనే రవంత కదలుచుండెను. గుఱ్ఱము దానిని కనిపెట్టి ఆగుచుండెను. నాటినుండి జంతువుల తెలివిని పరీక్షించువారు ఈ గుఱ్ఱమును మఱువలేదు.

బొత్తాముల విషయమునను ఇదే ప్రశ్న. కుక్క మాటను గుర్తించుచున్నదా, లేక యజమాని చూపును చేష్టను కనిపెట్టి నడచుచున్నదా? శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఫెడెరికో రొస్సానో అను ఆచార్యుడును, ఆయన సహచరులును దీనిని పరిశోధించిరి. 2024 ఆగస్టులో ప్రకటింపబడిన యొక పరిశోధనలో 59 కుక్కలను పరీక్షించిరి. "ఆట", "బయటికి" అను అర్థము గల మాటలు వినినపుడు అవి సందర్భోచితముగనే ప్రవర్తించెను. మాట నోట పలికినను, బొత్తామునుండి వచ్చినను, పలికించినవారు యజమాని యైనను పరాయివా రైనను భేదము కనబడలేదు. అనగా కొన్ని మాటల ధ్వనినే కుక్కలు గుర్తించుచున్నవని తేలినది.

అదే సంవత్సరము డిసెంబరులో మఱియొక పరిశోధన వెలువడెను. 21 నెలలపాటు 152 కుక్కల యిండ్ల నమోదైన 2,60,000కు పైగా నొక్కులను లెక్కించిరి. వానిలో సుమారు 1,95,000 కుక్కలు స్వయముగా నొక్కినవి. అవి రెండేసి బొత్తాములను జంటగా నొక్కిన తీరు కేవల యాదృచ్ఛికము కాదనియు, యజమానులను చూచి చేసిన అనుకరణ మాత్రమును కాదనియు ఆ లెక్కలు చూపెను. ఇందొక ముచ్చట కలదు. "నిన్ను ప్రేమించుచున్నాను" అను బొత్తామును మనుష్యులే మిక్కిలి తఱచుగా నొక్కిరి; కుక్కలు దానిని అంతగా పట్టించుకొనలేదు. వానికి కావలసినవి బయటికి పోవుట, ఆటలాడుట, తినుబండారము మొదలగునవి.

కనుక తేలిన దింతమాత్రము. కుక్క కొన్ని మాటలను తన యవసరములతో జతపఱచుకొనగలదు. కావలసినపుడు ఆ మాటను ఎన్నుకొని మనలను అడుగగలదు. వాక్యము కూర్చి నిన్నటి సంగతి చెప్పుననియు, మన వలె ఆలోచించి ప్రశ్నించుననియు రుజువు కాలేదు. బన్నీ అను ప్రసిద్ధమైన కుక్క అద్దము ముందు నిలిచి "ఎవరు", "ఇది" అను అర్థము గల బొత్తాములను నొక్కినపుడు చూచిన జనము ఆశ్చర్యపోయిరి. కాని ఆ రెండు నొక్కులకు నడుమ అర్థమును పూరించినది చూచినవారి మనస్సే కావచ్చును.

పిల్లుల సంగతి యేమని యడుగవచ్చును. పిల్లి తన పేరును ఇతర పదములనుండి వేఱుపఱచి గుర్తింపగలదని జపానులో అత్సుకో సైతో బృందము 2019లో చూపెను. పేరు తెలిసియు పిలిచినపుడెల్ల రాకపోవుట పిల్లి స్వభావము. దానిని బుద్ధిలేమి యనరాదు. పిల్లులకును బొత్తాములు నేర్పినవారు కలరు. అయితే వాని పాదము తేలిక గనుక మెత్తగా నొక్కబడు బొత్తాము కావలెను. ఓపికయు అధికముగా కావలెను.

ఇక మన కుటుంబములకు ప్రత్యేకముగా వర్తించు ప్రశ్న యొకటి కలదు. బొత్తామున మాటను ఏ భాషలో పట్టవలెను? హంగరీ రాజధాని బుడపెస్టులో లౌరా కుయాయా అను శాస్త్రజ్ఞురాలు మెక్సికోనుండి తన కుక్కతో వచ్చి చేరెను. అంతవఱకు స్పానిష్ భాషను వినుచున్న కుక్కకు చుట్టును హంగేరియన్ వినబడుట ఆరంభమైనది. ఈ భేదము దానికి తెలియుచున్నదా యను సందేహముతో, కదలక పడుకొనుటకు శిక్షణ పొందిన 18 కుక్కలకు ఒకే కథను రెండు భాషలలో వినిపించి వాని మెదడులను యంత్రముతో పరిశీలించిరి. ఇంట వినుచున్న భాషకును, ఎఱుగని భాషకును కుక్క మెదడు వేఱువేఱుగా స్పందించుచున్నదని 2021 చివర ప్రకటించిరి. వయసు పెరిగిన కుక్కలలో ఈ భేదము మఱింత స్పష్టముగా కనబడెను. ఎవరును పాఠము చెప్పలేదు. ఇంట నిత్యము వినిన పలుకే చెవికి పాఠమైనది.

వీథిలో నొక భాష, పుస్తకమున మఱియొక భాష, ఇంట తెలుగు గల మనకు ఇది ఆలోచింపదగిన విషయము. మన యిండ్ల అనేకముగ కుక్కతో "కమ్", "సిట్" అని ఆంగ్లమునందే మాటాడుట వాడుక యైనది. ఆంగ్లము కుక్కకు ప్రత్యేకముగా సులభమైన భాష యేమియు కాదు. దానికి కావలసినది ఒకే మాట, ఒకే సందర్భము, తప్పని ఫలితము. "రా", "నీళ్లు", "ఆట" అను పొట్టి తెలుగు మాటలు బొత్తామునకు చక్కగా నొదుగును. వానిని ఇంటి పిల్లలచేతనే స్పష్టముగా పలికించి పట్టినచో పిల్లలకును ఉత్సాహముగా నుండును.

ప్రయత్నింప దలచినవారు ఈ క్రమమును పాటింతురు గాక. మొదట ఒకటి రెండు బొత్తాములే చాలును. కుక్క దినమున పలుమాఱులు కోరు పనినే ఎన్నుకొనవలెను. బొత్తాము చోటు మార్చరాదు. కుక్క మాటతోపాటు చోటును గూడ గుర్తుపెట్టుకొనును. ఆ పని చేయుటకు ముందు ప్రతిమాఱును మనమే మాట పలికి, బొత్తాము నొక్కి, వెంటనే పని చేయవలెను. కుక్క పాదమును పట్టి బలవంతముగ నొక్కింపరాదు. కొంతసేపు మౌనముగా వేచి, అది ఆలోచించుకొనుట కవకాశ మీయవలెను. అది నొక్కినపుడు ఇంటివారెవరైనను లేచి బదులీయవలెను. అడిగినదెల్ల ఇచ్చుట సాధ్యము కాదు. అర్ధరాత్రము "బయటికి" అనినచో "ఇప్పుడు కాదు, తరువాత" అని చెప్పుటయు బదులే. వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. కొన్ని జంతువులు ఎన్నడును నొక్కవు, వానిని నిందింపరాదు. బ్యాటరీల మూత వదులుగా నున్నచో పసిపిల్లలును కుక్కలును వానిని మ్రింగు ప్రమాదము కలదు గనుక మూతను మరతో బిగించియుంచవలెను.

ఈ క్రమమును మరల చదివినచో, ఇందలి శ్రమలో అధికభాగము మనుష్యునిదే యని తెలియును. మాటను పని జరుగువేళ పలుకుట, వేచియుండుట, ప్రతిమాఱును బదులిచ్చుట అను మూడును యజమాని చేయవలసినవే. పసిబిడ్డకు మాట వచ్చుటయు ఇట్లే. ఊఁ కొట్టుచు బదులు చెప్పు పెద్దలున్న యింట బిడ్డ పలుకు నేర్చును. తల్లిదండ్రులు తమలో తెలుగు మాటాడుకొనుచు, బిడ్డతో మాత్రము పాఠశాలకు పనికివచ్చునని వేఱొక భాషలో మాటాడినచో, బిడ్డకు తెలుగు చెవిన పడును గాని బదులు పలుకు నవసరము కలుగదు. అట్టివారు కొంతకాలమునకు తెలుగు అర్థమగును గాని మాటాడలేమని చెప్పుట మనము వినుచునే యున్నాము.

మఱియొక సంగతి. బిడ్డకు మాటలు ఆలస్యమైనపుడు, రెండు భాషలు వినుటయే కారణమని తలచి ఇంట తెలుగు మానుకొనిన కుటుంబములు కలవు. రెండు భాషలు వినుటచే మాటల జాప్యము కలుగదని ఈ విద్య నెఱిగినవారు స్పష్టముగా చెప్పుచున్నారు. ఆలస్యము కనబడినచో భాషను మాన్పింపక, ముందు చెవుల పరీక్ష చేయించి, తగిన నిపుణులకు చూపవలెను. 1965లో మైసూరున స్థాపితమైన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఇట్టి సేవకే యేర్పడినది. మాట రాని బిడ్డకు బొమ్మల పలకయో పలుకు పరికరమో ఇచ్చుట సిగ్గుపడవలసిన పని కాదు. ఫోను తెరపై కుక్క బొత్తాము నొక్కిన సంతోషించు మనము, బిడ్డ నొక్కుటకు సంకోచింపనేల?

కుక్కకు బొత్తాములు కొనుటయు మానుటయు వారి వారి యిచ్ఛ. కొనినవారు ఇంటిల్లిపాదియు బదులు చెప్పుటకు సిద్ధపడి కొనవలెను. లేనిచో నెల తిరుగకముందే అవి బల్లక్రింద దుమ్ము పట్టును. కొనని యింటను, రాత్రి భోజనమువేళ బిడ్డ పాఠశాల కబుర్లు చెప్పుచుండగా తెలుగున బదులు పలుకుటకు ఏ పరికరమును అక్కఱలేదు. ఈ సంవత్సరము మన తల్లిదండ్రులందఱు ఆ కొంచెము సమయమును బిడ్డలకై కేటాయింతురని ఆశించుచున్నాము.