మూడు పేటల త్రాడు

త్రాడు పేనువాడు పేటలు సమముగా కలిసినవో లేదో వ్రేళ్లతో తడవి చూచును. ఒక పేటలో లోపమున్నచో బరువు పడినపుడు త్రాడు అచ్చటనే తెగును. కొల్లేటి జాలరికిని, ఏలూరి తివాచీ నేతగానికిని తెలిసిన సత్యమిది. మన దేహమును నిలుపు త్రాడు కూడ అట్టిదే. దాని పేరు కొలాజెన్. చర్మమునకు, స్నాయువులకు, ఎముకలకు, రక్తనాళములకు ఇదియే పట్టు.

మూడు గొలుసులు పెనవేసికొన్న ఈ నిర్మాణమును 1954లో మద్రాసు విశ్వవిద్యాలయమున జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించి, మరుసటి ఏట సవరించిరి. వారు పరిశీలించిన కంగారూ తోక స్నాయువు మద్రాసులోని కేంద్ర చర్మ పరిశోధన సంస్థ నుండి వచ్చినది. తెనాలి సీమలో 1922లో జన్మించిన యలవర్తి నాయుడమ్మగారు పిదప సంచాలకులైనది ఆ సంస్థకే. తోలునకు మూలద్రవ్యము కొలాజెనే కదా!

గొలుసులో ప్రతి మూడవ స్థానమునందును గ్లైసిన్ అను మిక్కిలి చిన్న అణువు ఉండవలెను. పెనలోని ఇరుకున అదియొక్కటే పట్టును. జన్యువులో ఒక్క అక్షరము మారి అచ్చట పెద్ద అణువు చేరెనా, మెలిక చెడును. ఎముకల కొలాజెన్‌లో ఇట్లు జరిగినచో ఎముకలు పెళుసగును. రక్తనాళముల కొలాజెన్‌లో జరిగినచో నాళములు చిట్లు ప్రమాదము కలుగును. ఈ రెండవది ఎహ్లర్స్–డాన్లాస్ వ్యాధులలో ఒకటి. డెన్మార్కు వైద్యుడు ఎహ్లర్స్ 1901లోను, ఫ్రెంచి వైద్యుడు డాన్లాస్ 1908లోను వర్ణించిన ఈ వ్యాధులను 2017లో 13 తెగలుగా విభజించిరి.

కొన్ని తెగలు తల్లిదండ్రులలో ఒకరికున్నను ప్రతి బిడ్డకును సంక్రమించుటకు సగము అవకాశము కలదు. మరికొన్ని ఇరువురి నుండియు లోపము వచ్చిననే బయటపడును. మేనరికములు వాడుకైన మన సీమలో ఈ మాట మరువరాదు.

తాడేపల్లిగూడెమున గాని, కొల్లేటి లంకలలో గాని, బొటనవ్రేలిని ముంజేతికి ఆనించి తోడివారిని నవ్వించు బాలుడు ప్రతి బడిలోను ఉండును. అట్టివారందరు రోగులు కారు. కాని కీళ్లు పదేపదే తొలగుట, చిన్న దెబ్బకే కమిలిపోవుట, గాయపు మచ్చ కాగితమువలె పలుచనగుట, ఇవి కూడి కనబడినచో సోమరియని బెత్తమెత్తక, పెద్దలకు చెప్పి వైద్యుని కడకు పంపవలెను. మూలమును మాన్పు మందు నేటికిని లేదు. అయినను తగిన వ్యాయామము, గుండె రక్తనాళముల పరీక్ష, దెబ్బలు తగులు ఆటల నుండి మినహాయింపు ఆ బిడ్డను ఎంతయో కాపాడును.

ఉపాధ్యాయ సోదరులారా! ఆటస్థలమున లేవలేక కూర్చున్న పిల్లవానిని మందలించుటకు ముందు, "ఎక్కడ నొచ్చుచున్నది నాయనా?" అని అడుగుడు.