హుస్సేన్ సాగర్‌లో తెరచాపలు

చంద్రపూర్‌లో రామాళా చెరువు ఉన్నట్లే హైదరాబాదు నడిబొడ్డున హుస్సేన్ సాగర్ ఉంది. 16వ శతాబ్దంలో, కుతుబ్‌షాహీల ఏలుబడిలో తవ్వించిన చెరువిది. పందేల రోజుల్లో దానిపై తెల్లని తెరచాపలు కొంగల బారులా కనబడతాయి.

తెరచాపతో నడిచే విహారపు పడవలను, పందెపు పడవలను యాట్‌లు అంటారు. మన దేశంలో ఈ క్రీడ చాలాకాలం కలవారి వేడుక. 1846లో బొంబాయిలో వెలసిన యాట్ క్లబ్ తెల్లదొరలు పెట్టుకున్నదే. స్వాతంత్ర్యం వచ్చాక సైనికులు దీన్ని పోషించారు. కాని, పడవ ఖరీదు సామాన్యులను ఒడ్డునే నిలిపివేసింది.

2009లో సుహేం షేక్ అనే ఆయన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాదును స్థాపించారు. పేద కుటుంబాల పిల్లలకు పడవ నడపడం నేర్పడం దీని ప్రత్యేకత. బాలబాలికలు మొదట ఎక్కేది ఆప్టిమిస్ట్ అనే చిన్న పడవ. 1947లో అమెరికాలో క్లార్క్ మిల్స్ పిల్లల కోసమే దీన్ని రూపొందించాడు. పొడవు సుమారు 2.3 మీటర్లు, ఒక్కరే నడుపుతారు.

ఎదురుగాలిలో పడవ ఎలా పోతుంది? నేరుగా పోలేదు. అందుకని ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు ఏటవాలుగా మళ్లిస్తూ ముందుకు నడపాలి. ఒక చేత చుక్కాని, మరొక చేత తెరచాప తాడు! చుట్టూ మేడలుండటం వల్ల హుస్సేన్ సాగర్ గాలి ఉన్నట్టుండి దిశ మారుస్తుంది. పిల్లలకు అదే గట్టి గురువు.

ఈ క్లబ్బులో నేర్చుకున్న ప్రీతి కొంగర 2023లో చైనాలో జరిగిన ఆసియా క్రీడల్లో భారతదేశం తరఫున పాల్గొన్నది. సుధాంశు శేఖర్‌తో కలిసి ఆమె నడిపినది ‘470’ అనే ఇద్దరి పడవ. దాని పొడవు 4.70 మీటర్లు. అందుకే ఆ పేరు.