మంత్రాల నవలలు: ఏవి పిల్లలవి, ఏవి పెద్దలవి?

లైబ్రరీ పీరియడ్‌లో మంత్రాలూ డ్రాగన్లూ ఉన్న నవల చేతికి దొరికితే పిల్లలు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటే: "ఇది మా వయసుకు సరిపోతుందా, టీచర్?" ఇంట్లో పెద్దవాళ్ళ ప్రశ్న వేరు. తొమ్మిదో తరగతికి వచ్చాక కూడా ఈ మాయలూ మంత్రాలూ ఏమిటని వాళ్ళ విసుగు. రెండింటికీ కలిపే జవాబు చెప్పుకుందాం.

ముందుగా ఒక మాట. మంత్రం ఉన్నంత మాత్రాన మంచి ఫాంటసీ అయిపోదు. ఏదైనా సరే చిటికెలో చేసేయగల మాంత్రికుడి కథలో ఉత్కంఠ ఎక్కడిది? మంత్రానికి ఒక హద్దు ఉండాలి, వాడినందుకు ఏదో ఒకటి చెల్లించాలి. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన 'తోకచుక్క', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం' వంటి సీరియళ్ళను మీ అమ్మమ్మలూ తాతయ్యలూ నెలనెలా ఎదురుచూసి చదివారు. అక్కడ మాంత్రికులు భయపెడతారు గానీ, గెలుపు తెలివికీ ధైర్యానికీ దక్కుతుంది. చిత్రమేమిటంటే పత్రికలో ఆ సీరియళ్ళ మీద ఆయన పేరు ఉండేది కాదు. ఎవరు రాశారో తెలియకుండానే ఎందరో పిల్లలు చదివేశారు.

ఇక వయసు సంగతి. 1937లో వచ్చిన 'ది హాబిట్' అచ్చు కావడానికి ముందు, ప్రచురణకర్త దాని రాతప్రతిని పదేళ్ళ తన కొడుకుకు ఇచ్చి అభిప్రాయం అడిగాడు. పిల్లవాడు బాగుందన్నాడు, పుస్తకం వచ్చింది. 1997లో మొదలైన హ్యారీ పాటర్ పుస్తకాలకు బ్రిటన్‌లో రెండు రకాల అట్టలు వేశారు, పిల్లలకు ఒకటి, పెద్దలకు ఒకటి. లోపల ఒక్క అక్షరం తేడా లేదు! కాబట్టి అట్టను చూసి వయసు తేల్చకండి. లావును చూసి అసలే తేల్చకండి.

మరి తేడా ఎక్కడుంది? మాకు బాగా నచ్చిన ఉదాహరణ అర్సులా లెగ్విన్ రాసిన ఎర్త్‌సీ నవలలు. పెద్ద పిల్లల కోసం ఒక పుస్తకం రాయమని ప్రచురణకర్త అడిగితే ఆమె 1968లో 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' రాశారు. లెక్కలేనన్ని ద్వీపాల లోకం అది. అక్కడ ప్రతి ప్రాణికీ, ప్రతి వస్తువుకూ ఒక అసలు పేరు ఉంటుంది. ఆ పేరు తెలిసినవారికే దానిమీద అధికారం. ఒకచోట వాన కురిపిస్తే మరోచోట కరువు రావచ్చు కనుక నిజమైన మాంత్రికుడు ఊరికే మంత్రం వేయడు. హీరో గెడ్ చామనచాయ కుర్రవాడు, మేకలు కాచుకుంటూ పెరిగినవాడు. మంత్రవిద్య నేర్పే బడిలో తోటివాడి ముందు గొప్పకు పోయి ఒక నీడను లోకంలోకి వదులుతాడు. అది అతణ్ణి తరుముతుంది. చివర ఏమవుతుందో చెప్పేస్తే మీకు అన్యాయం చేసినట్టే.

రెండో పుస్తకం 'ది టూంబ్స్ ఆఫ్ అటువాన్' మీలాంటి పిల్లలకు ఇంకా దగ్గరగా ఉంటుందని మా నమ్మకం. తెనార్ అనే చిన్నపిల్లను ఇంటి నుంచి తీసుకుపోయి పూజారిణిని చేసి, ఆమె పేరునే తీసేస్తారు. తన పేరు తనకు మళ్ళీ దక్కడమే ఆ కథ. మన పిల్లలు ఉత్తరాది పోస్టింగ్‌కు వెళ్ళగానే ఇంటిపేరు ముందుండటం వల్ల దానితోనే పిలుస్తారు. ఏడాదిపాటు ఇంటిపేరుకే పలికి, అసలు పేరుతో పిలిస్తే ఉలిక్కిపడ్డ అమ్మాయిని మేము చూశాం. ఆమెకు ఈ పుస్తకాన్ని మేము వివరించనక్కర లేకపోయింది.

అదే లోకంలోకి లెగ్విన్ 1990లో 'తెహాను'తో మళ్ళీ వెళ్ళారు. తెనార్ ఇప్పుడు భర్త పోయిన నడివయసు స్త్రీ. గెడ్‌కు మంత్రశక్తి పోయింది. ఒళ్ళు కాలిన ఒక పిల్లను ఎలా పెంచాలన్నదే వాళ్ళ ముందున్న పని. పన్నెండేళ్ళవాళ్ళు చదివితే "మంత్రాలేవీ?" అంటారు. నలభై ఏళ్ళవాళ్ళు చదివితే మధ్యలో ఆగి ఆలోచిస్తారు. మా లెక్కలో తేడా ఇదే: పిల్లల నవల శక్తి ఎలా వస్తుందో చెబుతుంది, పెద్దల నవల అది పోయాక ఎలా బతకాలో అడుగుతుంది. రక్తపాతం ఎక్కువ పోసి "ఇది పెద్దలకు" అని అమ్మేవి కూడా ఉన్నాయి. అవి మాకు రుచించవు.

'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' ఈ రెండింటి మధ్యా నిలుస్తుంది. ఉంగరాన్ని మోసిన ఫ్రోడో సొంత ఊరు తిరిగి వస్తాడు, కానీ అక్కడ ఇమడలేకపోతాడు. సెలవుల్లో సొంతూరు వెళ్ళి, నాలుగు రోజులకే అక్కడ కొత్తవాళ్ళుగా తోచిన పిల్లలకు ఆ చివరి అధ్యాయాలు అర్థమవుతాయి.

తెలుగులోనే చదవాలనుకునేవారికి మధిర సుబ్బన్నదీక్షితులు గారి 'కాశీమజిలీ కథలు' ఉన్నాయి. మణిసిద్ధుడు అనే యతి కాశీకి నడిచి వెళుతూ, వెంట వచ్చే గొల్లపిల్లవాడికి మజిలీ మజిలీకీ ఒక కథ చెబుతాడు. కథలు చెబితేనే వస్తానన్నది ఆ కుర్రవాడు పెట్టిన షరతు. ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చినప్పుడు మీరూ ఇంట్లో ఇలాంటి షరతు పెట్టవచ్చు! భాష కాస్త పాతది కాబట్టి పెద్దవాళ్ళ చేత చదివించుకోండి. హిందీ బాగా వచ్చినవారు దేవకీనందన్ ఖత్రీ 'చంద్రకాంత' చూడండి. వేషాలు మార్చే అయ్యార్లూ, చిక్కుదారుల తిలిస్మూ మిమ్మల్ని వదలవు.

ఇంకొక్క సంగతి. టీసీ తీసుకునే ముందు లైబ్రరీ పుస్తకాలన్నీ తిరిగి ఇచ్చెయ్యాలి కదా. సగంలో ఉన్న నవల పేరూ, ఆగిన పేజీ నంబరూ డైరీలో రాసిపెట్టుకోండి. కొత్త స్కూల్లో మొదటి లైబ్రరీ పీరియడ్‌లోనే ఆ పుస్తకం ఉందేమో అడగండి.