ఊయల ఉంది సరే.. కింద నేల చూశారా? మీ కాలనీ పార్కుకు మీరే ఇలా మార్కులు వేయండి!

బాన్సువాడ: సాయంత్రం బడి వదిలారంటే చాలు, పిల్లలు పార్కు అంటూ మారాం చేస్తారు. మనమూ తీసుకెళ్తాం. ఊయల ఊపుతాం, ఫోన్‌లో రెండు ఫొటోలు తీస్తాం, వచ్చేస్తాం. మరి ఆ పార్కు ఎలా ఉంది అని ఎవరైనా అడిగితే? "బాగుంది, కొత్తగా రంగులేశారు" అంటాం. లేదంటే "ఏముంది అక్కడ, ఊయల తెగిపోయింది" అంటాం. ఈ రెండు మాటల్లోనూ అసలు విషయం లేదు. ఆ ఊయల మీద నుంచి బిడ్డ జారితే దేని మీద పడుతుంది? పార్కుకు మార్కులు వేయాలంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే.

కొలతలు పెట్టి మార్కులు వేయడం బాన్సువాడకు కొత్తేం కాదు. ఇక్కడి మాతా శిశు ఆసుపత్రికి 2022లో తల్లిపాలను ప్రోత్సహించే ఆసుపత్రిగా జాతీయ స్థాయి గుర్తింపు వచ్చింది. గోడలు చూసి ఇచ్చిన గుర్తింపు కాదది. పుట్టిన బిడ్డకు పాలు పట్టించడం దగ్గర్నుంచి తల్లికి సలహా ఇవ్వడం దాకా, ఒక్కో అంశం పరిశీలించి ఇచ్చింది. బిడ్డ పుట్టిన చోటికి చెక్‌లిస్ట్ ఉన్నప్పుడు, నడక నేర్చాక ఆడుకునే చోటికి ఎందుకుండకూడదు?

పెద్ద గ్రామ పంచాయతీగా ఉన్న బాన్సువాడ 2018లో మున్సిపాలిటీ అయింది. పట్టణం పెరిగే కొద్దీ ఖాళీ జాగాలు ఇళ్లుగా మారుతాయి. పిల్లలకు మిగిలేది పార్కు, బడి ఆవరణ, లేదంటే రోడ్డు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ గంట ఎక్కడ గడుస్తుందన్నదే ప్రశ్న. హైదరాబాద్‌లోని ఇందిరా పార్కుకైనా, కృష్ణకాంత్ పార్కుకైనా, బాన్సువాడలోని కాలనీ పార్కుకైనా పరీక్ష ఒక్కటే. పిల్లల ఎముకలు పట్నంలో ఒకలా, చిన్న ఊళ్లో ఒకలా ఉండవు కదా!

ఒక కొలత టేపు, ఒక ఫోన్, అరగంట టైమ్ ఉంటే చాలు. ఎలాగో చూద్దాం.

1. ముందు కిందికి చూడండి

ఆటస్థలాల్లో పిల్లలకు ఎక్కువగా దెబ్బలు తగిలేది కింద పడటం వల్లే. అందుకే నిపుణులు వస్తువు కన్నా ముందు నేలను చూస్తారు. మన దగ్గర చాలా చోట్ల జరిగేది దీనికి రివర్స్. ఊయల, జారుడుబల్ల తెచ్చి బిగిస్తారు. బురద కాకుండా, నీట్‌గా కనిపించాలని కింద పేవర్ బ్లాకులో, సిమెంటో వేస్తారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ పిల్లాడి తల తగిలితే అది రోడ్డుతో సమానం.

ఆటస్థలాల భద్రతపై అమెరికా ప్రభుత్వ సంస్థ ఒక హ్యాండ్‌బుక్ ఇచ్చింది. సిమెంటు, తారు, గట్టి మట్టి, గడ్డి.. ఇవేవీ ఆట వస్తువుల కింద పనికిరావని అందులో ఉంది. గడ్డి మెత్తగానే ఉంటుందిగా అనుకోవచ్చు. కానీ ఊయల కింద నాలుగు రోజులు కాళ్లు రాసుకుంటే గడ్డి పోయి గట్టి నేల తేలుతుంది.

మరి ఏం వేయాలి? ఆ హ్యాండ్‌బుక్ లెక్కలు ఇవి:

- 9 అంగుళాల ఇసుక: 4 అడుగుల ఎత్తు నుంచి పడితే కాపాడుతుంది.
- 9 అంగుళాల గుండ్రటి చిన్న గులకరాళ్లు: 5 అడుగుల వరకు.
- 9 అంగుళాల చెక్క ముక్కలు: 10 అడుగుల వరకు.

ఇక్కడో మెలిక ఉంది. ఊయలకు "ఎత్తు" అంటే సీటు ఎత్తు కాదు, చైను వేలాడే కడ్డీ ఎత్తు. ఊగుతూ ఊగుతూ పిల్లలు అంత పైకి వెళ్తారు కాబట్టి. అంటే 7 అడుగుల కడ్డీ ఉన్న ఊయల కింద 9 అంగుళాల ఇసుక కూడా చాలదు. అలాంటి చోట చెక్క ముక్కలో, ఆ ఎత్తుకు పరీక్ష చేసిన రబ్బరు పరుపో కావాలి. రబ్బరు టైల్స్ వేశారని సంబరపడకండి. ఎంత మందం వేశారు, ఎన్ని అడుగుల ఎత్తుకు సర్టిఫికెట్ ఉంది అని అడగండి.

చిన్నపిల్లల పొట్టి జారుడుబల్ల లాంటి వాటికి ఇసుక సరిపోతుంది. మంజీరా పరీవాహకంలో ఉన్న మనకు ఇసుక దూరం కాదు. అయితే ఒకసారి పోసి వదిలేస్తే లాభం లేదు. వానకు అణిగి గట్టిపడుతుంది, కుక్కలు పాడుచేస్తాయి, గాజుపెంకులు దాక్కుంటాయి. తరచూ తిరగేయాలి, తగ్గినప్పుడు మళ్లీ పోయాలి.

ఎలా చూడాలి: ఊయల సీటు కింద, జారుడుబల్ల దిగే చోట ఒక పుల్ల గుచ్చండి. ఎంత లోతు దిగిందో టేపుతో కొలవండి. పుల్ల దిగలేదా? ఈ పరీక్షలో పార్కు ఫెయిల్. మిగతా మార్కులు ఎన్ని వచ్చినా సరే, ముందు బాగు చేయాల్సింది ఇదే.

2. చుట్టూ ఖాళీ ఉందా?

ఆట వస్తువు చుట్టూ అన్ని వైపులా కనీసం 6 అడుగులు ఖాళీ ఉండాలి. బెంచీ, చెట్టు మొద్దు, ప్రహరీ, కరెంటు స్తంభం.. ఏదీ ఆ గీత లోపల ఉండకూడదు. ఊయలకు ఇంకా ఎక్కువ కావాలి. కడ్డీ ఎత్తుకు రెట్టింపు దూరం ముందూ వెనకా వదలాలి. కడ్డీ 7 అడుగులైతే ముందు 14 అడుగులు, వెనక 14 అడుగులు అన్నమాట. చిన్న పార్కులో అన్నీ ఇరికించాలని చూస్తే ఈ లెక్కే తప్పుతుంది. ఐదు వస్తువులు ఇరుగ్గా పెట్టేకన్నా మూడు వస్తువులు జాగా వదిలి పెట్టడం మేలు.

ఒకే ఫ్రేముకు రెండు ఊయలలే ఉండాలి. మూడోది పెడితే మధ్యలోని బిడ్డకు రెండు వైపుల నుంచీ దెబ్బ తగలొచ్చు.

3. తల ఇరుక్కునే సందులు

రెయిలింగ్ కమ్మీల మధ్య, నిచ్చెన మెట్ల మధ్య సందు కొలవండి. మూడున్నర అంగుళాల కన్నా ఎక్కువ, 9 అంగుళాల కన్నా తక్కువ ఉంటే ప్రమాదం. ఎందుకంటే అందులో చిన్నపిల్లల ఒళ్లు దూరుతుంది, తల మాత్రం ఇరుక్కుపోతుంది. చున్నీ, టోపీ దారం, మెడలో తాడు తగులుకునేలా బయటికి పొడుచుకొచ్చిన బోల్టులు ఉన్నాయేమో చూడండి. తుప్పు పట్టిన చైను లింకులు, కదులుతున్న స్తంభాలు, విరిగిన ప్లాస్టిక్ అంచులు.. ఒక్కోదానికి ఒక్కో ఫొటో తీయండి.

4. ఎండాకాలం పరీక్ష

మన దగ్గర మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పొద్దంతా ఎండలో ఉన్న రేకు జారుడుబల్ల మీద నిక్కరు వేసుకున్న పిల్లాడు కూర్చుంటే కాలిపోతుంది. ప్లాస్టిక్, రబ్బరు కూడా వేడెక్కుతాయి. పిల్లల్ని ఎక్కించే ముందు మీ చెయ్యి ఆనించి చూడండి. మీరు ఉంచలేకపోతే పిల్లల్ని ఎక్కించకండి.

దీనికి ఖరీదైన పరిష్కారం అక్కర్లేదు. చెట్టు నీడ చాలు. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019 ప్రకారం ప్రతి పట్టణం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలి. ఆ మొక్కల్లో కొన్ని ఆటస్థలం పడమటి వైపు నాటితే సాయంత్రం ఎండ ఆగుతుంది. పిల్లలు ఆడే టైమూ అదే కదా! ఇక వానాకాలంలో ఇంకో రౌండ్ వేయండి. నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయి, గడ్డి ఎంత పెరిగింది, లైట్లు వెలుగుతున్నాయా అని చూడాలి.

5. ఓపెన్ జిమ్ ఆటవస్తువు కాదు

ఈమధ్య చాలా పార్కుల్లో ఓపెన్ జిమ్ పెడుతున్నారు. పెద్దవాళ్లకు మంచిదే. కానీ పిల్లలు వాటిని ఊయలల్లా వాడేస్తున్నారు. అవి పెద్దవాళ్ల బరువుకు, ఎత్తుకు తయారైనవి. వీటి కోసం ఉన్న యూరప్ ప్రమాణం ప్రకారం 1.4 మీటర్లు, అంటే దాదాపు 4 అడుగుల 7 అంగుళాల కన్నా ఎత్తున్న వాళ్లే వాడాలి. కదిలే కీళ్ల మధ్య చిన్న వేళ్లు నలిగిపోతాయి. జిమ్‌కూ పిల్లల ఆటస్థలానికీ మధ్య కంచె గానీ, పొదల వరుస గానీ ఉందా? లేకపోతే మార్కులు కట్ చేయాల్సిందే.

ఇలాంటిదే ఇంకోటి. 2022 జూన్ 2న మొదలైన తెలంగాణ క్రీడా ప్రాంగణాల్లో వాలీబాల్, కబడ్డీ, ఖోఖో కోర్టులు, లాంగ్ జంప్ పిట్, వ్యాయామం బార్లు పెట్టాలన్నది ప్లాన్. పెద్ద పిల్లలకు అవి బాగుంటాయి. కానీ మూడేళ్ల పాపకు అక్కడ ఆడుకోవడానికి ఏముంటుంది? క్రీడా ప్రాంగణం ఉంది కాబట్టి పిల్లల పార్కు అక్కర్లేదు అంటే కుదరదు. రెండూ వేర్వేరు అవసరాలు.

6. ఎవరు వస్తున్నారు కాదు.. ఎవరు రావట్లేదు?

అసలైన మార్కులు ఇక్కడే ఉన్నాయి. అమెరికాలో ర్యాండ్ సంస్థ పరిశోధకులు పార్కుల్లో జనాన్ని లెక్కపెట్టడానికి ఒక పద్ధతి వాడారు. నిర్ణయించిన టైముకు వెళ్లడం, ఎవరు ఉన్నారు, ఏం చేస్తున్నారు అని రాసుకోవడం. అంతే! మనమూ చేయొచ్చు. బడి ఉన్న రోజు సాయంత్రం ఒకసారి, ఆదివారం పొద్దున ఒకసారి, ఆదివారం సాయంత్రం ఒకసారి వెళ్లండి. చిన్నపిల్లలు, పెద్ద మగపిల్లలు, పెద్ద ఆడపిల్లలు, వెంట వచ్చిన పెద్దవాళ్లు అని నాలుగు గళ్లు గీసి లెక్క రాయండి.

ఏ గడి ఖాళీగా ఉందో చూడండి. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో 1990ల్లో ఇలాగే చూస్తే, 9 ఏళ్లు దాటిన ఆడపిల్లలు పార్కులకు రావడం బాగా తగ్గిపోయినట్టు తేలింది. మగపిల్లలు వద్దన్నారా అంటే కాదు. ఉన్న ఒక్క పెద్ద స్థలంలో బంతాట మొదలైతే వాళ్లకు చోటు మిగలట్లేదు. 1999లో రెండు పార్కులను మార్చారు. స్థలాన్ని చిన్న భాగాలుగా విడదీశారు, నడక దారులు వేశారు, వాలీబాల్, బ్యాడ్మింటన్‌కు చోటిచ్చారు. ఆడపిల్లలు తిరిగి వచ్చారు. మన పార్కులో ఆ గడి ఖాళీగా ఉంటే కారణాలు వెతకాలి. లైట్లు లేవా? మరుగుదొడ్డికి తాళమా? గేటు దగ్గర పోరగాళ్ల అడ్డా ఉందా? ఆ పిల్లలనే అడగండి, టకటకా చెప్పేస్తారు.

చక్రాల కుర్చీలో ఉన్న బిడ్డ గేటు దాటి ఊయల దాకా రాగలదా? ఇదీ చూడాలి. బెంగళూరులో కిలికిలి అనే సంస్థ తల్లిదండ్రులతో, కార్పొరేషన్‌తో కలిసి వైకల్యం ఉన్న పిల్లలూ ఆడుకునేలా పార్కులు చేయించింది. గేటు దగ్గర మెట్టు బదులు ర్యాంపు వేయడం పెద్ద ఖర్చేం కాదు.

7. ఆ జాగా కాగితం మీద ఉందా?

ఆట వస్తువు పాడైతే బాగు చేయించుకోవచ్చు. జాగానే పోతే? లేఅవుట్ వేసినప్పుడు పార్కు కోసం ఖాళీ స్థలం వదలాలి, దాన్ని గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు రాసివ్వాలి. ఆ స్థలం వేరే పనికి ఇస్తే చెల్లదని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. బెంగళూరులో పార్కు కోసం వదిలిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు కేటాయిస్తే అక్కడి నివాసులు కోర్టుకెళ్లారు, గెలిచారు. ఆసుపత్రి మంచిదే కదా అన్న వాదన నిలబడలేదు. కాబట్టి మీ కాలనీ లేఅవుట్ కాపీ, గిఫ్ట్ డీడ్, పార్కు విస్తీర్ణం తెలుసుకోండి. టేపుతో కొలిచి సరిపోతుందో లేదో చూసుకోండి.

ఎవరిని అడగాలి? ఎలా అడగాలి?

- ముందుగా మున్సిపల్ కమిషనర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. "పార్కు బాగోలేదు" అని కాకుండా "ఊయల కింద సిమెంటు ఉంది, దాన్ని తీసి మెత్తటి పొర వేయాలి" అని రాయండి. రసీదు తీసుకోండి.
- కొలతలతో 30 సెకన్ల వీడియో తీయండి. టేపు మీద అంకె కనపడాలి. వేరేవాళ్ల పిల్లల ముఖాలు మాత్రం రానీయకండి.
- వార్డు కమిటీలో యువత, మహిళలు, సీనియర్ సిటిజన్లు ఉంటారు. ఈ విషయం వాళ్ల ముందు పెట్టండి.
- సమాచార హక్కు చట్టం కింద మూడు అడగండి. ఆట వస్తువులు ఎవరు సప్లై చేశారు, మెయింటెనెన్స్ ఎన్నేళ్లు, చివరిసారి ఎప్పుడు చెక్ చేశారు? 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.
- అక్కడా పని కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంది.

అన్నీ ఒకేసారి అవ్వవు. కాబట్టి వరుస ముఖ్యం. ముందు నేల, తర్వాత విరిగిన, ఇరుక్కునే భాగాలు, ఆ తర్వాత నీడ, లైట్లు, మరుగుదొడ్డి. కొత్త ఊయల, కొత్త రంగులు ఆఖర్న రావాలి. కొత్త వస్తువు వస్తోందని తెలిస్తే, బిగించక ముందే వెళ్లి "కింద ఏం వేస్తున్నారు?" అని అడగండి. సిమెంటు పోశాక పగలగొట్టించడం కన్నా, పోయకముందు ఆపడం తేలిక.